అప్‌డేట్: నీళ్లలో సిలికా రీడింగ్ రోజురోజుకీ పెరుగుతున్న సమస్య తీరింది

సెప్టెంబరులో అడిగింది నేనే. శ్రీకాకుళంలో మా చిన్న ల్యాబ్‌లో ఉద్దానం బోరు నీళ్లలో సిలికా (ఇసుకలో, గాజులో ఉండే పదార్థం) చూస్తుంటే, అదే శాంపిల్ సోమవారం ఒకలా, శుక్రవారం ఇంకా ఎక్కువగా వచ్చేది. కెమికల్ కలిపితే సిలికా పసుపు రంగు ఇస్తుంది, కానీ శాంపిల్ లేకుండా ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో చేసే బ్లాంక్‌కి కూడా లేత పసుపు తేలేది.

సాయం చేసిన అందరికీ థాంక్స్. చాలామంది రంగు కొలిచే మెషిన్ (స్పెక్ట్రోఫోటోమీటర్) ల్యాంప్ పోయిందన్నారు. ఈ ఏడాది కెమికల్స్ డబ్బులే సరిగా రాలేదు, కొత్త ల్యాంప్ అంటే పెద్ద టెన్షన్. సర్వీస్ ఇంజనీర్ వచ్చి చూస్తే ఆ పసుపుని కొలిచే 410 నానోమీటర్ల కాంతి దగ్గర మెషిన్ నిలకడగానే ఉంది. కరెంటు స్టెబిలైజర్‌కీ దీనికీ సంబంధం లేదు. అలాగే పసుపు ఇచ్చే ఫాస్ఫేట్ కూడా కాదు, దాని రంగుని పోగొట్టే ఆక్సాలిక్ యాసిడ్ ముందునుంచీ వేస్తున్నాం.

"గాజు సీసాలు మానండి" అన్నవారి మాటే నిజమైంది. ఒకే బోరు నీళ్లని గాజు సీసాలో, ప్లాస్టిక్ సీసాలో పోసి వారం ఉంచాం. గాజులోది పెరిగింది, ప్లాస్టిక్‌లోది పెరగలేదు. గాజులోంచే సిలికా నీళ్లలోకి దిగుతోంది. పాత సీసా కిటికీకి ఎదురుగా పెట్టి చూస్తే లోపలి గోడంతా మసకబారి ఉంది. డిస్టిల్డ్ వాటర్ కూడా గాజు జాడీలోదే, అందుకే బ్లాంక్ అలా వచ్చింది.

పాత రీడింగులన్నీ కొట్టేశాం. ఊళ్లలో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నవాళ్ల ఇళ్ల నీళ్లవి, తప్పు అంకె ఇవ్వలేం. డిసెంబరులో కవిటి, సోంపేట మళ్లీ తిరిగాం. "మళ్లీ వచ్చారేటి బాబూ, మా నీళ్లలో ఏటుంది?" అని ఒకావిడ బిందె దించి అడిగింది. జనవరిలో ఆమెకి చెప్పగలం.