ఫొటో చూసి ఎస్-48 అని తేల్చేయవచ్చా?

పాతరాగి:
1794 లార్జ్ సెంట్ (అమెరికా పాత పెద్ద రాగి ఒక సెంటు నాణెం) ఒకటి నెట్‌లో అమ్మకానికి వచ్చింది. బాగా అరిగిపోయింది. అమ్మేవాళ్లు మామూలు రకం అని పెట్టారు. వెనుక వైపు ఫొటోను పెద్దది చేసి చూస్తే ఆకుల కొనలు, అక్షరాల స్థానాలు ఎస్-48 డైతో సరిగ్గా కలుస్తున్నాయి. డై అంటే నాణెం మీద బొమ్మ కొట్టే అచ్చు. ముందు, వెనుక డైల ఒక్కో జతకి షెల్డన్ జాబితాలో ఇచ్చిన నంబరే ఎస్ నంబరు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా, ఇదే స్టార్డ్ రివర్స్, అంటే నక్షత్రాలున్న వెనుక వైపు. వెనుక వైపు చుట్టూ ఉండే పళ్ల మధ్య 94 బుల్లి నక్షత్రాలు ఉంటాయి. 1877లో నాణేల వ్యాపారి హెన్రీ చాప్‌మన్ కంటపడేదాకా వాటిని ఎవరూ పట్టించుకోలేదు. ఈ నాణెం మీద ఒక్క నక్షత్రమూ మిగల్లేదు, ఆ పళ్ల వరసంతా నున్నగా అయిపోయింది.

అయినా దీన్ని ఎస్-48గా లెక్కించాలనే నా వాదన. అప్పట్లో ఫిలడెల్ఫియా టంకశాలలో అక్షరాలను ఒక్కొక్కటిగా పంచ్ పెట్టి డై మీద కొట్టేవారు. ప్రతి డైకీ దాని వంకర దానికుంటుంది. నాలుగైదు చోట్ల స్థానాలు కలిశాయంటే అది ఆ డై నుంచి వచ్చిందే. నక్షత్రాలు పోయినంత మాత్రాన డై మారదు కదా. మీరేమంటారు?

నిదానం:
ఒప్పుకోనండి. మీరు చూసింది నాణేన్ని కాదు, దాని ఫొటోని. కెమెరా కాస్త ఒరిగితే ఆకు కొన పక్క అక్షరం కిందికి జరిగినట్టు కనిపిస్తుంది. ఒక పక్క నుంచే వెలుతురు పడితే తుప్పు గుంట కూడా అక్షరం కాలులా తోస్తుంది. 1794 ఒక్క సంవత్సరానికే షెల్డన్ జాబితాలో యాభైకి పైగా డై జతలున్నాయి. అన్ని జతల్లో, అరిగిన ఫొటోకి దగ్గరగా వచ్చేది ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది. పైగా మనం అరుదైనదే దొరకాలని కోరుకుంటాం, కన్ను అటే లాగుతుంది.

దీనివల్ల నష్టం కొన్నవాడి ఒక్కడిదే కాదు. అరుదుదనాన్ని చెప్పే ఆర్ అంకెల్లో, ఆర్-7 అంటే తెలిసినవి 4 నుంచి 12, ఆర్-8 అంటే మూడు లోపే. అంత చిన్న లెక్కలో రెండు ఫొటో గుర్తింపులు తప్పయితే ఆ రకం అరుదుదనమే తారుమారవుతుంది.

బెర్రీలగుత్తి:
నిదానం గారికి ఒక బలమైన ఉదాహరణ ఇస్తాను. 1795 రీడెడ్ ఎడ్జ్, ఎస్-79. తెలిసినవి పది లోపే. 2009 వేలంలో ఒకటి 12 లక్షల 65 వేల డాలర్లు పలికింది. అదేమీ తళతళలాడే నాణెం కాదు, అరిగినదే. దాని విలువంతా పక్క అంచు (నాణెం మందం) మీది గీతల్లో ఉంది. రెండు వైపులా ఎంత మంచి ఫొటో తీసినా ఆ గీతలు కనబడవు.

1804 సెంటు సంగతీ అంతే. ఆ ఏడాదికి ఒకటే డై జత, ఎస్-266. 1801నో 1803నో గీకి 1804గా మార్చిన నకిలీలు ఎక్కువ. తేదీలోని సున్నాకి సరిగ్గా వెనుక, 'యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా' అన్న రాతలోని 'ఆఫ్'లో 'ఓ' రావాలి. ముందు ఫొటో ఒకటి, వెనుక ఫొటో ఒకటి విడివిడిగా ఇస్తే ఆ ఎదురుబొదురు చూడటం కష్టం. చేతిలో పట్టుకుంటే క్షణంలో తెలిసిపోతుంది.

పాతరాగి:
ఆ రెండింటిలోనూ మీరు చెప్పేది సరే. కానీ ఫొటోని మరీ తీసిపారేయకండి. డాక్టర్ విలియం షెల్డన్ న్యూయార్క్‌లోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ (నాణేల అధ్యయన సంస్థ) వారి దగ్గరున్న, క్లాప్ అనే సేకర్త సంగ్రహం నుంచి మేలైన సెంట్లు తీసుకుని, వాటి స్థానంలో తన నాసిరకం నాణేలు పెట్టిన వైనం బయటపడింది దేనివల్ల? పాత ఫొటోలతో పోల్చి చూడటం వల్లే. మనం రోజూ వాడే ఎస్ నంబర్లు ఇచ్చింది ఆయనే. అంతటివాడు చేసిన మార్పిడిని పట్టించినవి ఫొటోలే.

నిదానం:
పట్టించాయి, నిజమే. అయితే అక్కడ అడిగిన ప్రశ్న వేరు. ఒక నాణెం మీది గాట్లు, మచ్చలు చూసి "ఇది ఫలానా నాణెమేనా" అని తేల్చారు. అవి ఆ ఒక్క నాణేనికే ఉంటాయి. మీ ప్రశ్న "ఇది ఏ డై నుంచి వచ్చింది" అన్నది. గీతలు చెరిగిపోయిన రాగి మీద అది చాలా కష్టమైన ప్రశ్న.

ముద్రికుడు:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. ఇప్పుడు వస్తున్న నకిలీలు పోత పోసినవి మాత్రమే కావు. అసలు నాణెం నుంచి డై తయారుచేసి కొడుతున్నారు. 1798 ఎస్-158 నకిలీలు అలా వచ్చినవే. వాటిలో డై గుర్తులు అన్నీ అచ్చుగుద్దినట్టు కలుస్తాయి, ఎందుకంటే అసలు నాణెం నుంచే వచ్చాయి కదా. కాబట్టి డై కలిసిందంటే నాణెం అసలుదని అర్థం కాదు. వాటిని పట్టుకునేది ఇంకో దారిలో. మూల నాణెం వాడుకలో తిన్న దెబ్బ కూడా నకిలీ డైలోకి ఎక్కుతుంది. అదే దెబ్బ, అదే చోట, రెండు వేర్వేరు నాణేల మీద కనిపిస్తే ఆ జంటలో కనీసం ఒకటి నకిలీ. వాడుకలో పడే దెబ్బ రెండుసార్లు అచ్చం ఒకలా పడదు. ఈ పనికి మాత్రం ఫొటోలే కావాలి. వందల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూడాలి.

పాతరాగి:
ఇది నాకు చాలా పనికొచ్చింది. అయితే నా మాట ఇలా పెడతాను. వెనుక డై ఎస్-48దే, అందులో నేను తగ్గను. నాణెం అసలుదా అన్నది వేరుగా తేలాలి. అమ్మేవాళ్లని మూడు అడిగాను. అంచు ఫొటోలు, బరువు, రెండు వైపులూ ఎలా తిరిగి ఉన్నాయో చూపే చిన్న వీడియో. అప్పటి సెంటు కొత్తగా ఉన్నప్పుడు 13.48 గ్రాములు. పక్క అంచు మీద 'ఒక డాలరుకు వంద' అని ఇంగ్లిషులో ఉండాలి, ఇంత అరిగినా అక్కడక్కడ అక్షరాలు మిగులుతాయి. జవాబు రాగానే ఇక్కడ పెడతాను.

నిదానం:
పెట్టండి, తప్పకుండా చూస్తాను. మీకు దొరికినది నిజంగా ఎస్-48 అయితే అందరికన్నా ముందు సంతోషించేది నేనే. కానీ నా జాబితాలో ఎక్కించాలంటే ఎవరో ఒకరు దాన్ని చేతిలోకి తీసుకుని, భూతద్దం కింద తిప్పి చూసి ఉండాలి. అది మీరే అయినా నాకు అభ్యంతరం లేదు.