పానికెకెలు పోస్తారా, వేస్తారా, వండుతారా?

పెనం మీద పెసరట్టు (ఆక్లండ్):

అందరికీ నమస్కారం. ఒక క్రియ దగ్గర ఇరుక్కుపోయాను, బయట పడేయండి.

నిన్న అమ్మకి ఫోన్ చేసి "పానికెకెలు పోశానమ్మా, అరటిపండువి" అన్నాను. "అవేంటే?" అంది. "పాన్‌కేకులే, సమోవా వాళ్ళవి" అన్నాను. "ఓహో, తీపి అట్లా! తేనె వేసుకుని తిన్నారా?" అని అడిగింది. అప్పుడు వీడియో ఆన్ చేసి గిన్నె చూపించాను. పెద్ద నిమ్మకాయంత ఉండలు, ముదురు గోధుమరంగు, ఒక్కోదానికి చిన్న తోక. అమ్మ కళ్ళద్దాలు పైకి జరుపుకుని చూసి, "పోశానంటావేంటే? అట్లు పోస్తారు. ఇవి వేసినవి" అని కొట్టిపారేసింది. పక్కనుంచి పిన్ని, "బూరెల్లా ఉన్నాయక్కా, వండింది అనాలేమో" అంది. అక్కడితో ఫోన్లో ఇద్దరూ వాదనలో పడ్డారు, నన్ను మర్చిపోయారు.

ముందు అసలు సంగతి చెప్తాను. నాతో డ్యూటీ చేసే ఒక సమోవా ఆవిడ శనివారం పొద్దున ఐస్‌క్రీమ్ డబ్బా నిండా ఇవి తెచ్చింది (ఇక్కడ రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బా అంటే మన హార్లిక్స్ సీసా లాంటిది, అసలు సరుకు అయిపోయాకే దాని జీవితం మొదలవుతుంది). పేరు అడిగితే "పానికెకె" అంది. నాకు "పానీ కేకే" అని వినపడి, పానీపూరీకి చుట్టమేమో అనుకున్నాను. తీరా చూస్తే ఇంగ్లీషు పాన్‌కేకే. సమోవన్‌లో ఏ మాటా హల్లుతో ముగియదు, రెండు హల్లులు పక్కపక్కన నిలబడవు. అందుకని పాన్‌కి, కేక్‌కి మధ్య ఒక 'ఇ', చివర ఒక 'ఎ' చేర్చుకున్నారు. పా-ని-కె-కె. ఊనిక చివరినుంచి రెండో అక్షరం మీద.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, గుండ్రంగా నూనెలో వేగిన దాన్ని పాన్‌కేక్ అనడమేంటి? రెండు, తెలుగులో దీనికి ఏ క్రియ వాడాలి?

కాకినాడ కాజా:

మొదటి ప్రశ్న అడిగే హక్కు మనకి లేదండీ. మైసూర్ బజ్జీలో బజ్జీ ఎక్కడుంది? బజ్జీ అంటే మిరపకాయో, అరటికాయో, వంకాయో దేన్నో ఒకదాన్ని శనగపిండిలో ముంచాలి కదా. మైసూర్ బజ్జీలో ముంచేదేమీ లేదు, శనగపిండీ లేదు. మైదా, పెరుగు, పులిసిన వాసన, అంతే. అయినా పొద్దున్నే బండి దగ్గర నిలబడి "ఒక ప్లేటు మైసూర్ బజ్జీ" అంటున్నామా లేదా?

పెనం మీద పెసరట్టు:

ఒప్పుకున్నాను 😄 వాళ్ళకి ఇంకో మాట ఉంది, అది ఇంకా విచిత్రం. సమోవాలో డబ్బా బీఫ్‌ని పిసుపో అంటారు. అది ఇంగ్లీషు 'పీ సూప్', అంటే బఠాణీ సూపు. మొదట డబ్బాల్లో వచ్చింది ఆ సూపట. డబ్బాలో సరుకు మారింది, పేరు డబ్బాకే అంటుకుపోయింది.

కాకినాడ కాజా:

మనకి డాల్డా లాగా. ఏ కంపెనీ వనస్పతి అయినా డాల్డాయే.

పదవీ విరమణ పొందిన తెలుగు పండిట్:

పాన్‌కేక్ పానికెకె అయిన తీరు మన వ్యాకరణం చదివినవారికి కొత్తగా ఉండదు. శ్రీ సిరి అయింది. రత్నం రతనం అయింది. యత్నం జతనం, ముగ్ధ ముగుద. జంట హల్లుల మధ్య ఒక అచ్చును దూర్చి పలకడం. అయితే మన తెలుగుకి ఈ ఒక్క దారే కాదు. ప్రాణాన్ని పానం చేసి ఒక హల్లును వదిలేశాం, భక్తిని బత్తి చేసి రెంటినీ ఒకటి చేశాం. మీరు చెప్పినదాన్ని బట్టి సమోవా వారు హల్లును వదలకుండా అచ్చును చేర్చే దారినే పట్టినట్టున్నారు. మరికొన్ని మాటలు చెప్పగలరా?

పెనం మీద పెసరట్టు:

తప్పకుండా మాస్టారూ. స్పూన్ సిపుని. బటర్ 'పత', ఎందుకంటే వాళ్ళకి 'బ' లేదు. ఫ్లోర్ (పిండి) ఫలావోవా, రొట్టెకీ అదే మాట. నూనెలో వేయించడాన్ని ఫలాయి అంటారు, అది 'ఫ్రై'. ర-కారం ల-కారం అయింది, మధ్యలో అకారం వచ్చింది. వాళ్ళ పాత వంట ఉము, అంటే కాల్చిన రాళ్ళ మీద ఆకులు కప్పి ఉడికించడం. దానికి మూకుడూ అక్కర్లేదు, నూనే అక్కర్లేదు.

మీకు నచ్చే మాట ఒకటుంది. పంచదారని వాళ్ళు సుకా అంటారు. అది ఇంగ్లీషు షుగర్ నుంచి వచ్చింది. ఆ షుగర్ అరబ్బీ, పారశీకం దాటుకుని మన శర్కర దగ్గరికే చేరుతుంది. అదే శర్కర ప్రాకృతం మీదుగా మన ఇంట్లో చక్కెర అయింది. అంటే నిన్న నేను పిండిలో పోసిన కప్పులో దూరపు అక్కాచెల్లెళ్ళు కలిశారన్నమాట.

పదవీ విరమణ పొందిన తెలుగు పండిట్:

బాగుంది. సుకా, చక్కెర. ఇది నా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. అరటిపండునేమంటారు?

పెనం మీద పెసరట్టు:

అక్కడే నా నాలుక పల్టీ కొట్టింది. రాస్తే 'ఫఇ' అని రాయాలి, కానీ 'ఫై' కాదు. ఫ తర్వాత గొంతు ఒక్క క్షణం మూసుకుని మళ్ళీ తెరుచుకోవాలి. నేను పదిసార్లు ఫై, ఫై అన్నాను, ఆవిడ పదిసార్లు తల అడ్డంగా ఊపింది. చివరికి ఒక ఉపాయం దొరికింది. చంటిపిల్లలు మట్టి నోట్లో పెట్టుకోబోతుంటే "అఁ-అఁ! వద్దు" అంటాం కదా, ఆ రెండు 'అఁ'ల మధ్య గొంతు బిగుసుకుంటుందే, అదే ఈ చప్పుడు. మనం రోజూ పలుకుతాం, రాయడానికే అక్షరం లేదు. వాళ్ళు తలకిందులైన కామా పెడతారు.

ఙ అభిమాని:

అక్షరాలు లేవంటే ఊరుకోను. వాళ్ళ కోసం మన దగ్గర ఒక అక్షరం ఖాళీగా పడి ఉంది. సమోవన్‌లో g అని రాసింది గ కాదు, ఙ. అమెరికన్ సమోవా రాజధానిని మన పేపర్లు పాగో పాగో అని రాస్తాయి. అది పాఙో పాఙో. మామిడిని మాఙో అంటారు. ఒకటో తరగతి నుంచి పలక మీద దిద్దించి, ఆ తర్వాత జీవితంలో ఎక్కడా వాడనివ్వని ఙ-కి ఇన్నాళ్ళకి ఉద్యోగం వచ్చింది.

పెనం మీద పెసరట్టు:

ఙ గారూ, ఇంకో ఉద్యోగం కూడా ఇవ్వండి. పుడ్డింగ్‌ని వాళ్ళు పులిఙి అంటారు. ఇంకో తమాషా. పలకరింపుల్లో, ఇంట్లో మాట్లాడే సమోవన్‌లో 'త' కాస్తా 'క' అవుతుంది, 'న' కాస్తా 'ఙ' అవుతుంది. చర్చిలో, చదువులో మాత్రం త, న నిలబడతాయి. కాబట్టి నాతో డ్యూటీ చేసే ఆవిడ తన చెల్లెలితో ఫోన్లో అంటుంటే నాకు వినపడింది పానికెకె కాదు, 'పాఙికెకె'. మన గ్రాంథికానికీ వ్యావహారికానికీ పేచీ ఉన్నట్టే, వాళ్ళకి ఒకే మాటలో రెండు పలుకుబళ్ళు.

వరంగల్ నుంచి:

అక్కా, మాటల ముచ్చట బాగుంది గానీ ఎట్ల చేసిన్రో చెప్పు. ఇంట్ల నాలుగు అరటిపండ్లు నల్లగైనయ్.

పెనం మీద పెసరట్టు:

చెప్తాను తమ్ముడూ. 3 కప్పుల మైదా, ముప్పావు కప్పు పంచదార, 3 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, బాగా మాగిన 3 పెద్ద అరటిపళ్ళు, కాస్త వెనిల్లా. పళ్ళు చేత్తోనే మెత్తగా మెదపాలి, మిక్సీలో వేస్తే జిగురవుతుంది. నీళ్ళు ఒక కప్పు దగ్గర పెట్టుకుని కొంచెం కొంచెంగా పోయాలి, అన్నీ పట్టవు. పిండి మైసూర్ బజ్జీ పిండికంటే ఒక పిసరు గట్టిగా, గరిటెతో ఎత్తితే ముద్దగా జారేలా ఉండాలి. కొందరు బేకింగ్ పౌడర్ బదులు ఈస్ట్ వేసి పులియబెడతారు.

మొదటి వాయి నేను పాడుచేశాను. మన అలవాటు ప్రకారం నూనె పొగలు వచ్చేదాకా కాచాను. పండులో తీపి, పైగా పంచదార, నిమిషంలో పైన బొగ్గు, లోపల పచ్చిపిండి. పైకప్పులో పొగ అలారం మోగింది, ఆవిడ తువ్వాలు తీసుకుని దాని కింద విసురుతూ నవ్వుతూనే ఉంది. నూనె మధ్యస్థంగా ఉండాలి. పిండి చుక్క వేస్తే కాసేపు ఆలోచించుకుని పైకి రావాలి.

ఇక అసలు కళ చేతిలో ఉంది. ఆవిడ ఎడమచేత్తో గుప్పెడు పిండి తీసుకుని పిడికిలి బిగించింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి గుండ్రటి బుడగ ఒకటి పైకి వచ్చింది. కుడిచేతిలో తడి చెంచాతో దాన్ని కోసినట్టు తీసి నూనెలోకి జార్చింది. బుడగ, చెంచా, బుడగ, చెంచా. పదిహేను పడేసరికి నేను రెండు వేశాను, రెండిటికీ తోకలే. మూకుట్లో అవి వాటంతటవే దొర్లుతాయి. కింది సగం వేగి ఉబ్బి తేలికవుతుంది, పైన పచ్చిపిండి బరువు, గిర్రున తిరుగుతాయి. తిరగని మొండివాటిని పుల్లతో పొడవాలి.

వరంగల్ నుంచి:

గిదైతే బోండాలు ఏసినట్టే ఉన్నది కదా అక్కా. మా దిక్కు పండుగకు చేసేటియన్నీ కలిపి అప్పాలే అంటం. నన్నడిగితే అరటిపండు అప్పాలు, చేసుడు. లొల్లి లేదు. ఇగ పోసుడు అంటవా, మా దగ్గర సకినాలు కూడా పోస్తమనే అంటరు కొందరు, చుడతమని కొందరు.

కాకినాడ కాజా:

సకినాలు పోయడమా! అంత గట్టి పిండిని?

వరంగల్ నుంచి:

ఏళ్ళ నడుమ నుంచి సన్నగ జారుతుంది కదన్నా. పోసినట్టే ఉంటది.

పదవీ విరమణ పొందిన తెలుగు పండిట్:

ఇది గమనించదగ్గది. తెలుగులో పిండివంట పేరు తెలియకపోయినా క్రియ చెబితే ఆకారం తెలిసిపోతుంది. అట్టు పోస్తాం. బజ్జీ, పునుగు, బోండా వేస్తాం. జంతిక చుడతాం, వత్తుతాం. బూందీ దూస్తాం. అప్పడం వేయిస్తాం. రొట్టె కాలుస్తాం. వీటన్నిటిలో చెయ్యి ఏం చేస్తుందో అదే క్రియ. ఒక్క వండడమే తేడా. గోదావరి జిల్లాల్లో గారెలు, బూరెలు, అరిసెలు 'వండుతారు'. అక్కడ చేతి పనికంటే సందర్భం ముఖ్యం. బండి మీద పునుగులు వేస్తారు, పండక్కి బూరెలు వండుతారు. బండివాడు బూరెలు వండుతున్నాడంటే చెవికి ఎబ్బెట్టు. కాబట్టి వీరి పిన్నిగారి మాట కొట్టిపారేసేది కాదు. అమ్మా, సమోవాలో ఇవి ఎప్పుడు చేస్తారు?

పెనం మీద పెసరట్టు:

ఎప్పుడంటే అప్పుడు మాస్టారూ. పొద్దున్నే కోకో సమోవాతో (వేయించి దంచిన కోకో గింజలు నీళ్ళలో మరిగించి, వడకట్టకుండా తాగుతారు, అడుగున కాఫీ మడ్డిలా గింజల నూక ఉంటుంది). బడి డబ్బులకోసం అమ్ముతారు, చర్చి అయ్యాక పంచుతారు, ఎవరింటికైనా వెళితే డబ్బా ఎదురొస్తుంది.

పదవీ విరమణ పొందిన తెలుగు పండిట్:

అయితే వేయడమే. పిన్నిగారికి నా క్షమాపణలు.

సువా మనవరాలు:

నా తెలుగు బడిలో నేర్చుకున్నది కాదు, తప్పులుంటే దిద్దండి. మా ముత్తాత మద్రాసు రేవులో ఓడెక్కి ఫిజీ చెరకుతోటలకి వచ్చారు. 1903 నుంచి దక్షిణాది వాళ్ళని తేవడం మొదలైంది కదా, ఆ ఓడల్లో ఒకటి. ఇక్కడ మాకు అచ్చం ఇలాంటిదే ఉంది, గుల్గులా అంటాం. మాగిన అరటిపండు, మైదా, పంచదార, మా అమ్మ కొంచెం సోంపు వేస్తుంది. ఉత్తరాది వాళ్ళ మాట, మేమూ అదే అంటాం. తెలుగు మాట ఏదో ఉండే ఉంటుంది, మా ఇంటిదాకా రాలేదు. కానీ నానమ్మ ఎప్పుడూ "గుల్గులా ఏద్దారి రండి" అనేది. 'ఏద్దారి' అంటే 'వేద్దాం' అని ఇప్పుడు ఈ చర్చ చదివాక అర్థమైంది.

పెనం మీద పెసరట్టు:

అమ్మకి ఇది చదివి వినిపించాను. రెండోసారి కూడా చదవమంది.

ఙ అభిమాని:

ఒక్క సందేహం. మనం దీన్ని అరటిపండు డోనట్ అంటే సరిపోదా? రంధ్రం లేదు కాబట్టి కాదంటారా?

కాకినాడ కాజా:

రంధ్రం ఉంటే మన గారెకీ డోనట్‌కీ ఏం తేడా అండీ 😀 అసలు డోనట్‌లో ఉన్న మాటలు పిండి, గింజ. గింజకి రంధ్రమెందుకు? 1809 నాటికి అమెరికాలో ఆ పేరు పిండి ఉండల్ని పంది కొవ్వులో వేయించినవాటికే. రంధ్రం తర్వాత వచ్చింది. ఆ లెక్కన ఈ పానికెకెయే అసలు డోనట్, చక్కెర చల్లి గాజుపెట్టెలో పెట్టినవి వరస మార్చుకున్నవి.

పెనం మీద పెసరట్టు:

సరే, మన గుంపు పదపట్టికలో ఇలా ఎక్కిస్తున్నాను, అభ్యంతరాలుంటే ఈ రాత్రిలోగా చెప్పండి:

పానికెకె: సమోవా తీపి చిరుతిండి, మైదాతో చేసి నూనెలో వేయించిన ఉండ. అరటిపండు కలిపినది పానికెకె ఫఇ. బహువచనం పానికెకెలు. క్రియ: వేయు.

పదవీ విరమణ పొందిన తెలుగు పండిట్:

సమ్మతమే.

పెనం మీద పెసరట్టు:

ఆగండి మాస్టారూ, ఆవిడ ఇప్పుడే మెసేజ్ పెట్టింది. నేను చేసినవి పానికెకె లపొతొపొతొ అట, అంటే గుండ్రటివి. ఇంకో రకం ఉందట, పానికెకె మఫొలఫొల, బల్లపరుపువి. అవి మూకుట్లో కాదు, పెనం మీద. ఆదివారం నేర్పిస్తానంది.

కాకినాడ కాజా:

అంటే అవి?

పెనం మీద పెసరట్టు:

అవి పోస్తారు. అమ్మకి ఫోన్ చేస్తున్నాను.