గ్యారేజీ పక్కగదిలో బాత్రూమ్, లాండ్రీ: ఏ సైజు పైపులు కొనాలి?

అందరికీ నమస్కారం. అమెరికాకి కొత్త, ఈమధ్యే ఇల్లు కొన్నాం. గ్యారేజీ పక్కగదిలో సింక్, షవర్, టాయిలెట్, వాషింగ్ మెషీన్ పెట్టించాలి. డ్రెయిన్‌కి ఏ సైజు పైపులు కొనాలి?

—
తమ్ముడూ, సైజులు తేలికే. సింక్‌కి ఒకటిన్నర అంగుళం, షవర్‌కీ మెషీన్‌కీ 2, టాయిలెట్‌కి 3. కొనేముందు వెంట్ (డ్రెయిన్‌కి గాలి అందించే గొట్టం) ఎటు వెళ్తుందో కాగితం మీద గీయండి. నీళ్లు దిగేటప్పుడు వెనక నుంచి గాలి అందకపోతే, ట్రాప్‌లో (డ్రెయిన్ కింద వాసన ఆపే U ఆకారపు వంపులో) నిలవాల్సిన నీళ్లు కూడా లాగేసుకుపోతాయి. ఆపైన మురుగు వాసన గదిలోకే. వాటం అడుగుకి పావు అంగుళం. సింక్ ట్రాప్ నుంచి వెంట్‌కి 6 అడుగులు దాటకూడదు.

—
అన్నా, ఆ 6 అడుగులు ఐపీసీ (ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్) ఉన్నచోటే. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాలు యూపీసీని (యూనిఫాం ప్లంబింగ్ కోడ్‌ని) అనుసరిస్తాయి. అక్కడ ఒకటిన్నర అంగుళం ట్రాప్‌కి 42 అంగుళాలే, 2 అంగుళాలదానికి 60. ముందు మీ ఊరి బిల్డింగ్ ఆఫీసులో ఏ కోడో అడగండి, పర్మిట్ ఎలాగూ అక్కడే.

—
ఒప్పుకుంటాను, నేను చెప్పింది ఐపీసీ లెక్క. ఆ లెక్క వెనక కారణం మాత్రం తెలుసుకోవాలి. అడుగుకి పావు అంగుళం చొప్పున 6 అడుగులకి పైపు ఒకటిన్నర అంగుళం దిగుతుంది, అంటే పైపు వ్యాసమంత. ఇంకా దిగితే వెంట్ నోరు ట్రాప్ నీటిమట్టం కిందికి పోయి గాలిదారి మూసుకుంటుంది. నీళ్లు త్వరగా పోవాలని అడుగుకి అరంగుళం వాటం ఇస్తే 3 అడుగులకే ఆ పరిస్థితి వస్తుంది.

—
మెషీన్ సంగతి వదిలేశారు. దాని పంపు నీళ్లను ఒక్కసారిగా తోస్తుంది, ఒకటిన్నర అంగుళం పైపయితే పొంగి నేలంతా నీళ్లే. స్టాండ్‌పైప్ (మెషీన్ గొట్టం దూర్చే నిలువు పైపు) ఎత్తు ట్రాప్ పైనుంచి ఐపీసీలో 18 నుంచి 42 అంగుళాలు, యూపీసీలో 18 నుంచి 30. ఇంకో ముఖ్యమైన మాట: సింక్ డ్రెయిన్‌నే షవర్‌కీ టాయిలెట్‌కీ వెంట్‌గా వాడుకుంటే (వెట్ వెంట్ అంటారు) మెషీన్ పైపు అందులో కలపకూడదు. బాత్రూమ్‌వన్నీ కలిశాక, దిగువన కలపాలి. మెషీన్‌కి సొంత వెంట్ ఉండాలి.

—
అంత శ్రమెందుకు? ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వ్ (ఇంట్లోంచే పైపులోకి గాలి అందించే వాల్వ్) పెడితే పైకప్పుకి కన్నం పెట్టక్కర్లేదు కదా.

—
వద్దండీ, అన్నిటికీ అదే పెడితే కుదరదు. ఆ వాల్వ్ గాలిని లోపలికి తీసుకుంటుందే గానీ బయటికి వదలదు. ఐపీసీలో కూడా కనీసం ఒక వెంట్ ఆరుబయటికి వెళ్లాల్సిందే. యూపీసీ ఊళ్లలో ముందే అనుమతి అడగాలి. పాడైతే మార్చాలి కాబట్టి గోడలో పూడ్చేయకూడదు.

వెంట్‌ని అడ్డంగా తిప్పాల్సి వస్తే సింక్ అంచుకన్నా 6 అంగుళాలు పైకి వెళ్లాకే తిప్పండి. అంతకన్నా కింద తిప్పితే, డ్రెయిన్ అడ్డుపడినప్పుడు మురికి వెంట్‌లోకి ఎక్కి అక్కడే పేరుకుంటుంది.

—
గోడలు మూసేముందు పైపుల్లో 10 అడుగుల ఎత్తు నీళ్లు నింపి 15 నిమిషాలు చూడండి. మట్టం దిగితే ఏదో జాయింటు కారుతోందన్నట్టే. పీవీసీ పైపులు అతికించేటప్పుడు ప్రైమర్ (ముందుగా రాసే ద్రవం) రాశాకే పీవీసీ సిమెంట్ (పైపుల జిగురు), మర్చిపోవద్దు.