హ్యాండీక్యామ్‌లో క్యాసెట్ పెడితే బయటికి వచ్చేస్తోంది (చెన్నై)

ప్రశ్న: సోనీ మినీ డీవీ (చిన్న టేపు క్యాసెట్‌తో నడిచే వీడియో కెమెరా). క్యాసెట్ ట్రే దిగుతుంది, గరగరమంటుంది, తెర మీద సి:31 అనే ఎర్రర్ కోడ్ చూపించి పైకి లేస్తుంది. హెడ్ క్లీనర్ (టేపును చదివే హెడ్‌ను శుభ్రం చేసే క్యాసెట్) వేయాలా?

జవాబు 1: వద్దు. హెడ్ మురికైతే వచ్చేది సి:22. తేమ పడితే సి:21. ఏసీ గదిలోంచి మన ఉక్కలోకి తెస్తే అదే వస్తుంది, గంటసేపు మూత తీసి ఉంచితే పోతుంది. సి:31 అంటే మెకానిజం, అంటే టేపును లోపలికి లాగి నడిపే యంత్రభాగం గొడవ. ముందు బ్యాటరీ తీసేసి అడాప్టర్ మీద నడపండి. చార్జి నిలవని పాత బ్యాటరీతో లోడింగ్ మోటారు మధ్యలోనే ఆగిపోతుంది. ట్రేని ‘పుష్’ అని రాసినచోటే నొక్కండి, అది పూర్తిగా దిగాకే బయటి మూత వేయాలి. తొందరపడి మూతతో తోస్తే ట్రే ఒక పక్కకి వంగుతుంది, ఇక ఆ బండి దారికి రాదు.

జవాబు 2: పై మాటలకు తోడు: పెళ్లి క్యాసెట్లతో ప్రయోగాలు చేయకండి, పనికిరాని టేపు పెట్టి చూడండి. ఖాళీ ట్రే సాఫీగా దిగి, టేపుతోనే మొరాయిస్తే గైడ్లు (టేపును డ్రమ్ దాకా లాగే చిన్న కడ్డీలు) జారే గాడిలో గ్రీజు గట్టిపడి ఉంటుంది. పాతది తుడిచి, ప్లాస్టిక్‌కు పనికొచ్చే గ్రీజు ఆవగింజంత చాలు. డ్రమ్ (హెడ్‌లు ఉండే తిరిగే స్తూపం) మీద, పించ్ రోలర్ (టేపును నొక్కి నడిపే రబ్బరు చక్రం) మీద మాత్రం పడకూడదు. దూది పుల్లతో డ్రమ్ తుడవద్దు, దూది పోగు చిక్కితే హెడ్ విరుగుతుంది.

ప్రశ్న అడిగినవారు: ఖాళీగా పెట్టినా గరగర ఉంది.

జవాబు 2: అయితే గేరు పన్ను విరిగిందేమో. అదే మోడల్ పాడైన కెమెరా మన ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో వెతికి, మెకానిజం మొత్తం మార్పించడమే మేలు.