టెనర్ ఉకులేలే కొనడానికి వెళ్తున్నాను, కొట్టులో ఏమేం చూసుకోవాలి?

శ్రుతిపేటిక:
గిటార్‌లాంటి నాలుగు తీగల ఉకులేలేలో చిన్న సైజైన సొప్రానో వాయిస్తున్నాను, ఇప్పుడు పెద్దదైన టెనర్‌కు మారాలని ఉంది. ఉకులేలేలు, మాండలిన్లు అమ్మే, రిపేర్లు కూడా చేసే ఒక చిన్న కొట్టుకు వెళ్తున్నాను. చేతికి తీసుకున్నాక ఏమేం పరీక్షించాలి? కోవా అనే హవాయి చెక్కదే కొనమని కొందరు, లామినేట్ (పలచని పొరలు అతికించిన చెక్క) చాలని కొందరు చెబుతున్నారు. లో-జి తీగ (కింది స్థాయి జి) వేయించుకోవాలని కూడా ఉంది. కొట్టులో బ్రహ్మాండంగా మోగినవి ఇంటికి తెచ్చాక చప్పగా వినిపిస్తాయంటారు, ఎందుకు?

ఆకురాయి:
చెక్క సంగతి తర్వాత. ముందు నట్ చూడండి, అంటే మెడ పైకొసన తీగలు కూర్చునే గాడులున్న చిన్న పట్టీ. కొత్తవాటిలో ఎక్కువగా తేడా ఉండేది అక్కడే. గాడి తక్కువ లోతు కోస్తే తర్వాత సరిచేయొచ్చు, ఎక్కువ కోస్తే నట్టే మార్చాలి. అందుకే ఫ్యాక్టరీలో తీగలను కాస్త ఎత్తుగానే వదిలేస్తారు.

ఒక్కో తీగను రెండు, మూడు ఫ్రెట్ల (మెడ మీది అడ్డు లోహపు పట్టీల) మధ్య నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద సందు ఎంతుందో చూడండి. కనీకనబడనంత ఉండాలి. అక్కడ తీగను గోటితో తడితే సన్నగా టిక్కుమనాలి. అసలు టిక్కుమనకపోతే గాడి మరీ లోతుగా ఉన్నట్టు. సందు కళ్లకు కొట్టొచ్చినట్టు కనబడితే గాడి ఎత్తుగా ఉన్నట్టు. శ్రుతి చూపే ట్యూనర్‌తోనూ తెలుస్తుంది: సి తీగను సరిగ్గా శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్ దగ్గర మెల్లగా నొక్కండి. సి-షార్ప్ కంటే 10 సెంట్లకు (అర్ధస్వరంలో పదో వంతుకు) మించి పైకి పోతే నట్ పని బాకీ ఉందన్నమాట. ఎఫ్, బి-ఫ్లాట్ కార్డులు (కలిపి మోగించే స్వరాలు) ఎంత శ్రుతి చేసినా అపస్వరంగా వినిపించడానికి చాలాసార్లు కారణం ఇదే. వేళ్ల తప్పు కాదు.

తర్వాత పన్నెండో ఫ్రెట్ దగ్గర యాక్షన్, అంటే తీగ ఎత్తు. ఫ్రెట్ పైభాగం నుంచి తీగ అడుగు వరకు సుమారు 2.5 మి.మీ. బాగుంటుంది. 3 దాటితే వేళ్లు నొప్పెడతాయి. అర మి.మీ. దించాలంటే శాడిల్ (కింది కొసన తీగలు ఆనే పట్టీ) అడుగున 1 మి.మీ. అరగదీయాలి, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ నట్‌కూ శాడిల్‌కూ సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఉప్పుకాగితాన్ని చదునైన గాజు మీద పెట్టి రుద్దాలి. అడుగు వంకరపోతే, శాడిల్ కింద పికప్ (శబ్దాన్ని ఆంప్లిఫయర్‌కు పంపే పరికరం) ఉన్నవాటిలో ఒక తీగ నీరసంగా వినిపిస్తుంది.

ఇవన్నీ మీరు చేసుకోవక్కర్లేదు. డబ్బు కట్టేముందే "నట్, శాడిల్ సరిచేసి ఇస్తారా?" అని అడగండి. ఇలాంటి కొట్టుకు వెళ్లడంలో అసలు లాభం అదే.

నాలుగు తీగలు:
చప్పగా వినిపించడం గురించి: గోడ నిండా వేలాడే వాయిద్యాల తీగలు మీరు మీటినప్పుడు తామూ కంపిస్తాయి, గది గదంతా మోగుతుంది. రెండిటిని పోల్చేటప్పుడు గోడకు దూరంగా కూర్చోండి, రెండిటి మీదా ఒకటే స్వరవరస వాయించండి. ఒకదానికి నైలాన్, ఇంకోదానికి ఫ్లోరోకార్బన్ తీగలుంటే మీరు పోల్చేది తీగలనే, చెక్కను కాదు. కొట్టువాళ్లను వాయించమని మీరు ఎదురుగా నిలబడి కూడా వినండి, శబ్దం ముందుకే ఎక్కువగా వెళ్తుంది. గోడ మీది నుంచి తీసేముందు ఒక మాట అడగడం, ఉంగరాలు, బెల్టు బకిల్ తగలకుండా చూసుకోవడం మర్యాద.

సైజు: సొప్రానో స్కేల్ (నట్ నుంచి శాడిల్ వరకు తీగ పొడవు) సుమారు 13 అంగుళాలు, కాన్సర్ట్ 15, టెనర్ 17. ఆ లెక్కన సొప్రానోలో మొదటి ఫ్రెట్ నట్‌కు దాదాపు 18.5 మి.మీ. దూరంలో ఉంటే, టెనర్‌లో 24. వేళ్లు చాపాల్సిన దూరం అంతగా మారుతుంది కాబట్టి కాన్సర్ట్ కూడా ఓసారి చేతికి తీసుకుని చూడండి. నట్ వెడల్పు కొన్నిటికి 35 మి.మీ., కొన్నిటికి 38. డి కార్డుకు మూడు వేళ్లు ఒకే ఫ్రెట్‌లో ఇరికించినప్పుడు ఆ మూడు మిల్లీమీటర్లూ తెలుస్తాయి.

లో-జి అంటే మామూలు జి కంటే ఒక స్థాయి కింద, 392 హెర్ట్జ్‌కు బదులు 196. తీగ లావు కాబట్టి పాత గాడిలో దిగకుండా పైనే కూర్చుంటుంది. గాడిని వెడల్పు చేయించాలి. తీగ మార్చి పంపించేస్తామంటే ఒప్పుకోకండి.

చెక్కపొడి:
కోవా విషయం. శబ్దరంధ్రం అంచు చూడండి. పైనున్న చెక్క గీతలు అంచు మందంలోకి అలాగే దిగితే సాలిడ్ (ఒంటిచెక్క), పొరలు పొరలుగా కనబడితే లామినేట్. "సాలిడ్ టాప్" అంటే పైపలక ఒక్కటే, పక్కలూ వెనకా లామినేట్ కావచ్చు. మాట తేడా చిన్నదే, ధర తేడా పెద్దది. గాలిలో తేమను 45–55 శాతం దగ్గర ఉంచే ఓపిక లేకపోతే మంచి లామినేటే నయం. సాలిడ్ ఎండితే చీలుతుంది. ఫ్రెట్‌బోర్డు అంచు వెంట వేలు జార్చండి: ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటే చెక్క ఎండి ముడుచుకుందని అర్థం. శాడిల్‌ను పట్టి ఉంచే బ్రిడ్జ్ వెనక అంచు కింద కాగితం దూర్చి చూడండి. దూరితే జిగురు వదులుతోంది, దాన్ని వదిలేయండి.

శ్రుతిపేటిక:
అందరికీ థాంక్సండి. వాయిస్తుంటే జుయ్యిమని వస్తే ఎక్కడని వెతకాలి? అక్కడే మాండలిన్ కూడా చూడాలనుకుంటున్నాను.

ఆకురాయి:
ఏమీ నొక్కకుండా మీటితేనే వస్తే నట్. ఒక్క చోట నొక్కినప్పుడే వస్తే దాని తర్వాతి ఫ్రెట్ పొడుచుకొచ్చింది. ఎక్కడ నొక్కినా వస్తే తీగలు బిగించే చెవుల మరలు వదులై ఉండొచ్చు, బ్రిడ్జ్ దగ్గర కత్తిరించని తీగ కొస పైపలకకు తగులుతుండొచ్చు, లోపలి బ్రేస్ (పలకకు దన్నుగా అతికించిన చెక్క పట్టీ) ఊడి ఉండొచ్చు. మొదటి రెండూ నిమిషాల పని. బ్రేస్ ఊడితే కొనకండి.

మాండలిన్‌వి ఉక్కు తీగలు. ఎనిమిది తీగలు నాలుగు జతలుగా జి, డి, ఎ, ఇ శ్రుతిలో ఉంటాయి. ఉకులేలే కార్డులు పనికిరావు. బ్రిడ్జ్‌ను జిగురుతో అతికించరు, తీగల బిగువుకే నిలుస్తుంది. తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పితే అది ఊడి చేతిలోకొస్తుంది. ఒక్కొక్కటే మార్చండి. ఒకవేళ కదిలినా, ఇ తీగ పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం), అక్కడే నొక్కిన స్వరం ఒక్కటయ్యేదాకా బ్రిడ్జ్‌ను ముందుకూ వెనక్కూ జరిపి, తర్వాత జి వైపు అలాగే సరిచూసుకోండి. ఈ ఉక్కు తీగలు పొరపాటున కూడా మీ ఉకులేలేకు వేయకండి. ఆ బిగువుకు బ్రిడ్జ్ లేచిపోతుంది.