అప్‌డేట్: నాన్న చిగుళ్ల రక్తం సంగతి

చుట్ట మానేశాక నాన్నకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, మానడం వల్లేనా అని సంక్రాంతి ముందు అడిగాను కదా. ఒంగోలులో డెంటిస్టుకు చూపించాం.

పొగాకు చిగుళ్లలో రక్తనాళాలను కుదిస్తుందట. అందుకే లోపల జబ్బు ముదురుతున్నా ఇన్నేళ్లూ రక్తం పెద్దగా కనపడలేదు, మానేశాక బయటపడింది. అసలు కారణం చిగురు కింద గట్టిపడిన గార. స్కేలింగ్ చేశారు, అంటే ఆ గారను గీకి తీసేశారు. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నవాళ్లకు థ్యాంక్స్, వాపు కాస్త తగ్గింది. గార మాత్రం దానికి కదల్లేదు. "తాగినన్నాళ్లూ బానే ఉందిరా" అని నాన్న ఇంకా సణుగుతూనే ఉన్నాడు, దానికి మందు లేదు.

పళ్ల మీది గోధుమ రంగు మచ్చలు కూడా పోలేదు. మాది కనిగిరి వైపు, అవి ఫ్లోరైడ్ నీళ్ల మచ్చలు. చిన్నప్పుడు చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పడతాయి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగి పెరిగే పిల్లలకు ఆ ముప్పు ఉంటుంది. ఇటుక పొడితో, బొగ్గుతో ఎంత రుద్దినా ఎనామిల్ అరగడమే.

ఇప్పుడు మెత్తటి బ్రష్, రాత్రి కూడా తోముకోవడం. షుగర్ ఉంటే చిగుళ్ల జబ్బు త్వరగా ముదురుతుందని ఆ టెస్టు కూడా రాశారు. రిపోర్టు ఇంకా రాలేదు.