అప్‌డేట్: వాతావరణ మార్పు మీద వీధివాళ్లం ఏం చేయగలమని అడిగాను కదా

చాలామంది తడిచెత్తతో మొదలుపెట్టమన్నారు, అదే చేశాం. చెత్తగుట్టల అడుగున గాలి ఆడక కుళ్లే తడిచెత్త నుంచి మీథేన్ అనే వాయువు వస్తుంది, 20 ఏళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువ వేడిని గాలిలో పట్టి ఉంచుతుంది, ఈ ఒక్క ముక్క చెప్పాకే పక్కింటివాళ్లు కదిలారు. ఇప్పుడు కొన్ని ఇళ్లు కలిసి కంపోస్టు చేస్తున్నాం. వాసన వస్తుందని టెన్షన్ పడ్డారు గానీ, తడిచెత్త వేసిన ప్రతిసారీ పైన గుప్పెళ్లకొద్దీ ఎండుటాకులు కప్పి, అప్పుడప్పుడు తిరగేస్తుంటే రావట్లేదు.

అయితే ఇళ్లలో చేసేదొక్కటే చాలదని నాకు గట్టిగా అనిపిస్తోంది. అందుకే చెత్త తగలబెట్టడం ఆపాలని, తడి పొడి వేరుగా తీసుకెళ్లాలని అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. 2018లో గ్రెటా థన్‌బర్గ్ అనే స్కూలమ్మాయి వాతావరణం కోసం నిరసనను స్వీడన్ పార్లమెంటు ముందు ఒక్కతే కూర్చుని మొదలుపెట్టింది, మేం ఇంతమందిమి ఉన్నాం. జవాబింకా రాలేదు, మళ్లీ వెళ్లి అడుగుతాం.